పక్క వీధికి కిలోమీటరు: అనంతపురంలో రోడ్లు ఎందుకు కలవడం లేదు?

ఈ ఎపిసోడ్ రోడ్ల గురించి. గుంతల గురించి మాత్రం కాదు, వాటి మీద ఇప్పటికే బోలెడు రీల్స్ ఉన్నాయి. గుంత పడితే ఈ ఏడాది కాకపోయినా ఎలక్షన్లు వచ్చే ఏడాదైనా పూడుస్తారు. నేను చెప్పబోయే తప్పు ఒకసారి జరిగితే మన మనవళ్ల కాలానికి కూడా సరికాదు. అదేంటంటే, రెండు వీధులు పక్కపక్కనే ఉండి కూడా ఒకదానితో ఒకటి కలవకపోవడం.

ఫోన్ చేతిలోనే ఉంది కదా, మ్యాప్ తెరిచి అనంతపురం అని కొట్టండి. శాటిలైట్ వ్యూ పెట్టి ముందు టవర్‌క్లాక్ దగ్గర జూమ్ చేయండి. సుభాష్ రోడ్డు, తిలక్ రోడ్డు, రాజు రోడ్డు, గాంధీ బజార్, పాతూరు. వీధులు వంకరటింకరగా ఉంటాయి. కొన్నిచోట్ల రెండు ఆటోలు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. కానీ ఏ సందులో దూరినా ఎక్కడో ఒకచోట బయటపడతారు. ఒక వీధిలో ఊరేగింపు వస్తే పక్క వీధిలోంచి పోతారు. బండి ఆపకుండా దారి మార్చుకునే వీలుంది. పాత ఊరిని చూసి ఇరుకు, మురికి అని మూతి ముడుస్తాం గానీ, ఈ ఒక్క విషయంలో దాన్ని కొట్టే కాలనీ అంచుల్లో దొరకడం కష్టం.

ఇప్పుడు మ్యాప్‌ని మెల్లగా ఊరి అంచుకు జరపండి. రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి, అక్కడి నుంచి 44వ నంబర్ హైవే పట్టుకుని రాప్తాడు వైపు. బొమ్మ మారిపోతుంది. ఒక పొడుగాటి రోడ్డు, దానికి రెండు వైపులా చిన్న చిన్న వీధులు. అచ్చం దువ్వెన లాగా. దాని పక్కన ఇంకో దువ్వెన. రెండు దువ్వెనల పళ్లు ఎదురెదురుగా వచ్చి ఆగిపోతాయి. మధ్యలో గోడ ఉంటుంది, లేకపోతే కంప చెట్లు, లేకపోతే ఎవరిదో బీడు చేను.

ఈ దువ్వెన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు చేను సంగతి తెలియాలి.

అనంతపురం అనే పేరే చెరువు నుంచి వచ్చింది. 14వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో ఇక్కడ కట్టిన చెరువు అనంతసాగరం. కట్ట పక్కన ఊరు పెరిగింది. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు, 1890లలో రైలు వచ్చింది, 1916లో కాలేజీ వచ్చింది. 2005లో మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. ఇంతవరకు మామూలు కథే. 2011 జనాభా లెక్కల్లో మాత్రం ఒక విషయం ఉంది. కార్పొరేషన్ లోపల జనం సుమారు 2 లక్షల 61 వేలు. దాన్ని ఆనుకుని ఉన్నవాటిని కూడా కలిపి లెక్కేస్తే సుమారు 3 లక్షల 40 వేలు. అంటే దాదాపు 80 వేల మంది ఊర్లోనే ఉన్నట్టు ఉంటారు, కాగితం మీద ఊర్లో ఉండరు. వాళ్ల వీధి దీపం పంచాయతీది, వాళ్ల ఉద్యోగం, బడి, ఆసుపత్రి నగరంలో. ఇది 2011 నాటి మాట. ఆ తర్వాత ఎన్ని వెంచర్లు వచ్చాయో అటువైపు బండి మీద ఒక రౌండ్ వేస్తే మీకే తెలుస్తుంది.

మన దగ్గర ఊరు ఎటు పెరగాలన్నా పెద్ద అడ్డం లేదు. సముద్రం లేదు, పెద్ద నది లేదు. ఎటు చూసినా మెట్ట చేలు. ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. వేరుశనగ వేస్తే పెట్టుబడి వస్తుందో రాదో తెలియదు. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు. అలాంటప్పుడు ఊరికి దగ్గర్లో నాలుగెకరాలున్న రైతు దగ్గరికి ఒకాయన వచ్చి ఎకరాకు ఇంత అని చెబితే ఆయన అమ్ముతాడు. అమ్మడంలో తప్పేముంది? నేను ఆ రైతును ఒక్క మాట కూడా అనను.

కానీ కొన్నాయన దగ్గర ఇప్పుడున్నది నాలుగెకరాలే. అది కూడా చేను ఎలా ఉంటే అలాగే ఉంటుంది. రోడ్డు వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా. ఆ ముక్కలో ఎక్కువ ప్లాట్లు రావాలంటే మధ్యలో ఒక రోడ్డు వేసి రెండు పక్కలా సందులు తీయడమే తేలిక. దువ్వెన అలా పుట్టింది. ఎవరూ కుట్ర చేయలేదు. సర్వే నంబర్ గట్టే లేఅవుట్ గట్టు అయింది, అంతే.

అయితే పక్క వెంచర్‌తో ఎందుకు కలపరు? కారణాలు చాలానే ఉన్నాయి. ఒకటి, ఈయన లేఅవుట్ వేసేటప్పటికి పక్కన ఇంకా శనగ చేనే ఉంటుంది, కలపడానికి అక్కడ రోడ్డే లేదు. రెండోది డబ్బు. మీరే లెక్కేయండి. 60 అడుగుల లోతున్న ప్లాట్ల వరసను చీల్చుకుని 40 అడుగుల రోడ్డు అవతలికి తీయాలంటే 2,400 చదరపు అడుగులు పోతాయి. సెంటుకు 435.6 అడుగులు, అంటే ఐదున్నర సెంట్లు. ఒక మంచి ఇంటి స్థలం. దాన్ని వదిలేస్తే లాభం ఎవరికి? పక్కాయన వెంచర్‌కి కూడా. తన జేబులోంచి తీసి పోటీవాడికి ఎవరు ఇస్తారు? మూడోది మన టేస్ట్. "మా వెంచర్‌లోకి బయటి బళ్లు రావు సార్, ఒకటే గేటు, ఫుల్ సేఫ్" అని బ్రోచర్‌లో వేస్తే మనమే ఎగబడి కొంటున్నాం.

ఇంకోటి కూడా ఉంది, కప్పగంతులు. ఊరి అంచున ధర పెరిగేసరికి వెంచర్ అక్కడ ఆగదు, రెండు కిలోమీటర్లు ఎగిరి అవతల దూకుతుంది. 2017లో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఖాయమయ్యాక హైవే పొడవునా ఎన్ని చోట్ల రంగు రాళ్లు పాతారో గుర్తుందా? ప్రభుత్వం చేసినా ఇదే తీరు. 2020 డిసెంబర్ 25న మొదలుపెట్టిన ఇళ్ల పట్టాల పథకంలో రాష్ట్రమంతా సుమారు 30 లక్షల పట్టాలన్నారు, పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. అంత భూమి చవగ్గా దొరికేది ఊరికి దూరంగానే. ఎవరు అధికారంలో ఉన్నారన్నది నా పాయింట్ కాదు. పేదవాడి ఇల్లు దూరంగా పడింది, మధ్యలో ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలో రోడ్లు ఎవరు కలపాలో ఎవరి డ్యూటీలోనూ లేదు. అది నా పాయింట్.

సరే, కలవకపోతే ఏమవుతుంది? ఇక్కడ కొంచెం లెక్కలు చేద్దాం. వీడియోలో బొమ్మ గీసి చూపించాను, ఇది చదువుతున్నవాళ్లు ఒక కాగితం తీసుకోండి.

రెండు వెంచర్లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండింటికీ మెయిన్ రోడ్డు మీద ఒక్కొక్క గేటు, రెండు గేట్ల మధ్య 200 మీటర్లు. లోపలికి 400 మీటర్ల లోతు. చివర్లో మీ ఇల్లు, గోడకు అవతల మీ ఫ్రెండ్ ఇల్లు. మధ్య దూరం 20 మీటర్లు. కేకేస్తే వినపడుతుంది. కానీ నడిచి వెళ్లాలంటే 400 వెనక్కి, 200 పక్కకి, 400 లోపలికి. మొత్తం కిలోమీటరు. 20 మీటర్ల దూరానికి యాభై రెట్లు. ఎండాకాలం మధ్యాహ్నం అనంతపురంలో ఆ కిలోమీటరు ఎవరూ నడవరు. బండి తీస్తారు. బండి నడపలేని పిల్లలు, ముసలివాళ్లు ఇంట్లోనే ఉంటారు.

ఇప్పుడు గళ్ల నోటుబుక్కు లాంటి ఊరు ఊహించుకోండి. నిలువు వీధులు, అడ్డ వీధులు. కాకినాడ రామారావుపేట వైపు తిరిగినవాళ్లకి కొంచెం ఐడియా ఉంటుంది. అలాంటి ఊర్లో ఏ మూల నుంచి ఏ మూలకి పోయినా, నడిచే దూరం నేరు దూరానికి దాదాపు 1.41 రెట్లు దాటదు. ఇంటర్‌లో చదివిన రూట్ 2 ఇదే, సమకోణ త్రిభుజం. యాభై ఎక్కడ, ఒకటిన్నర కూడా లేనిది ఎక్కడ.

నగర ప్రణాళిక వాళ్లు ఇంకో లెక్క కూడా వేస్తారు. రోడ్లు కలిసే చోట్లు, రోడ్డు ఆగిపోయే చోట్లు అన్నీ చుక్కలు అనుకోండి. చుక్కకీ చుక్కకీ మధ్య రోడ్డు ముక్కలు గీతలు. గీతల్ని చుక్కలతో భాగించాలి. మన దువ్వెనలో గేటు ఒక చుక్క, వెన్ను రోడ్డు మీద ఆరు కూడళ్లు, రెండు పక్కలా పన్నెండు మూసుకుపోయిన చివరలు. మొత్తం 19 చుక్కలు. గీతలు 18. ఒకటి కన్నా తక్కువ వచ్చింది. అదే ఐదు నిలువు, ఐదు అడ్డం వీధులున్న గళ్ల ఊర్లో 25 చుక్కలు, 40 గీతలు, 1.6 వస్తుంది. ఒకటి కన్నా తక్కువ వచ్చిందంటే అర్థమేంటి? ఏ ఒక్క గీత తెగినా దాని అవతల ఉన్నవాళ్లందరూ ఊరి నుంచి తెగిపోతారు. చెట్టు కొమ్మ లాగా. కొమ్మ నరికితే ఆకులన్నీ పోతాయి, సాలెగూడులో ఒక దారం తెగినా గూడు నిలబడుతుంది.

అనంతపురంలో ఈ "తెగడం" అనే మాట వట్టి లెక్క కాదు. నడిమి వంక, మరువ వంక ఊరి గుండా పోతాయి, తడకలేరు పక్కనే ఉంది. ఏడాదిలో పదకొండు నెలలు ఆ వంకల్లో మురుగు తప్ప ఏమీ ఉండదు, అందుకే అక్కడ వంక ఉందని మర్చిపోయి ఇళ్లు కట్టేస్తారు. 2022 అక్టోబర్‌లో ఏమైంది? కరువు జిల్లా అని పేరున్న ఊర్లో నడిమి వంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. జనం ఇళ్ల మీదకెక్కారు, పడవలు వచ్చాయి. వంకను ఆక్రమించడం మీద అప్పుడు చాలా మాట్లాడారు, మాట్లాడాల్సిందే. నేను దానికి ఇంకో ముక్క కలుపుతాను. ఒకటే నోరున్న కాలనీకి ఆ నోరు పల్లంలో ఉంటే, నీళ్లు ముందు వచ్చేది ఆ నోటి దగ్గరికే. ఇంట్లోకి నీళ్లు రాకముందే దారి పోతుంది. వెనక మెరక వైపు రెండో దారి ఒకటి ఉంటే ముసలమ్మను, పసిపిల్లను ఎత్తుకుని అటు నడుస్తారు. గోడ ఉంటే ఎక్కడికి నడుస్తారు?

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. నీటి సమస్య మనకు రోజూ ఉండేదే. ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నింటికన్నా ముఖ్యం అనిపించిన భాగం ఇదే, కొంచెం ఓపికగా వినండి.

తాగునీటి పైపు ఎక్కడ వేస్తారు? రోడ్డు కింద. రోడ్డు ఎలా ఉంటే పైపు అలా ఉంటుంది. రోడ్లు కలవకపోతే పైపులూ కలవవు. నగరానికి తాగునీళ్లు పెన్నా మీదున్న పీఏబీఆర్ డ్యామ్ నుంచి వస్తాయి. అన్ని కిలోమీటర్లు పంపు కొట్టుకుంటూ తెచ్చిన నీళ్లు ట్యాంకు ఎక్కి, ట్యాంకు దిగి, చివరికి మన దువ్వెనలోకి వస్తాయి. మొదటి పన్ను దగ్గర ఇళ్లవాళ్లు బిందెలు, డ్రమ్ములు, సంపు నింపుకుంటారు. చివరి పన్ను దగ్గరికి వచ్చేసరికి కుళాయి సన్నగా కారుతుంది. అప్పుడు ఏం చేస్తారు? కుళాయికే మోటార్ బిగిస్తారు. దాంతో పక్కింటికి ఆ సన్నధార కూడా పోతుంది. రోజూ పొద్దున జరిగే గొడవల్లో సగం ఇదే కదా.

పల్లెల నుంచి వచ్చినవాళ్లకి ఇది కొత్త కాదు. హెచ్చెల్సీ కాలువ కింద ఆయకట్టు చివర భూమి ఉన్న రైతును అడగండి. కాలువలో నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది, తన మడికి మాత్రం రావు. ఎగువవాళ్లు తీసుకోగా మిగిలితేనే. దువ్వెన కాలనీలో చివరి ఇల్లు ఆ చివరాయకట్టు రైతే. ఊరికి వచ్చి ఇల్లు కొనుక్కున్నా ఆ కష్టం వదల్లేదు.

అదే రెండు వెంచర్ల వీధులు కలిసి ఉంటే రెండు పైపుల చివరలూ కలపొచ్చు. ఇంజనీర్లు దీన్ని లూప్ అంటారు. నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. ఇందులో చిన్న ఫిజిక్స్ ఉంది. పైపులో పారే నీళ్లు సగానికి తగ్గితే, పైపు గోడల రాపిడి వల్ల పోయే ప్రెషర్ సగం తగ్గి ఊరుకోదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే రెండు వైపుల నుంచి వచ్చే నీళ్లతో చివరి ఇంటి కుళాయి కూడా బాగా వస్తుంది. పైపు ఒకచోట పగిలితే ఆ ముక్కకే వాల్వ్ కట్టి బాగు చేసుకోవచ్చు, మిగతావాళ్లకి అటువైపు నుంచి నీళ్లు ఇవ్వొచ్చు. మూసుకుపోయిన పైపు చివర నీళ్లు కదలకుండా నిలవుంటాయి, మడ్డి చేరుతుంది, క్లోరిన్ తగ్గిపోతుంది. ఎక్కువ నీళ్లున్న ఊరికి ఇదంతా పట్టకపోవచ్చు. డ్యామ్ నుంచి ప్రతి బిందెనూ కరెంటు బిల్లు కట్టి తెచ్చుకునే ఊరికి ఇది చిన్న విషయం కాదు.

ట్యాంకర్ తెప్పించుకున్నా ఇదే సమస్య. సందు చివర తిరగడానికి చోటుండదు, వెనక్కి తీసుకుంటూ రావాలి. చెత్త బండి, 108, స్కూల్ బస్సు, అన్నీ అంతే. షేర్ ఆటో అయితే అసలు లోపలికే రాదు, మెయిన్ రోడ్డు మీదే తిరుగుతుంది. అక్కడి దాకా మనమే నడవాలి. రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగిన అమ్మాయికి ఆ ఒక్క దారి తప్ప వేరే దారి లేకపోతే, ఆ దారిలో ఎవరున్నా సరే అటే పోవాలి.

ఇది అనంతపురం ఒక్కదాని జబ్బు అనుకోకండి. క్రిస్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలార్డ్-బాల్ అని ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలో మ్యాప్ అయిన ప్రతి వీధినీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకుని లెక్కేశారు. 2020లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం ఎక్కువ జనాభా ఉన్న 134 దేశాల్లో 90 శాతం చోట్ల, 1975 నుంచి కొత్తగా వచ్చిన వీధులు ముందున్నవాటికన్నా తక్కువ కలుస్తున్నాయి. ఒకటే గేటున్న కాలనీల తరహా అయితే దాదాపు రెట్టింపు అయింది. వాళ్లు చెప్పిన ఇంకో మాట నాకు ముఖ్యం అనిపించింది. ఒకసారి కలవకుండా పెరిగిన ఊరు ఆ తర్వాత కూడా అలాగే పెరుగుతూ పోతుంది. ఇల్లు పడగొట్టి మళ్లీ కడతాం, రోడ్డు మీద రోడ్డు వేస్తాం, కానీ వీధి గీత మాత్రం మారదు. మా పాతూరు సందులే చూడండి, ఇళ్లు ఎన్నిసార్లు మారాయో, సందు మాత్రం అక్కడే ఉంది. అదే ఇద్దరూ 2015లో అమెరికా మీద రాసిన పేపర్లో, అక్కడ ఈ మూసుకుపోయిన వీధుల జోరు 1994 ప్రాంతంలో తారస్థాయికి చేరి తర్వాత తగ్గుతూ వస్తోందని తేల్చారు. అంటే వెనక్కి తిప్పడం అసాధ్యమేమీ కాదు. వర్జీనియా రాష్ట్రమైతే 2009లో ఒక రూల్ పెట్టింది. కొత్త కాలనీ వీధులు పక్కవాటితో కలవకపోతే వాటి మెయింటెనెన్స్ ప్రభుత్వం తీసుకోదు అని. మన దగ్గర ఇలాంటి రూల్ పెడితే ఎన్ని గోడలు వాటంతటవే లేచిపోతాయో!

ఇక్కడ మీలో కొందరు అనుకుంటూ ఉంటారు: "అన్నా, అన్నీ కలిపేస్తే మా సందులో లారీలు పోతాయి, పిల్లలు క్రికెట్ ఎక్కడ ఆడాలి?" న్యాయమైన ప్రశ్నే. నేను కూడా నిశ్శబ్దంగా ఉన్న సందే కోరుకుంటాను. కానీ మనిషి నడవడానికి కలపడం వేరు, లారీకి కలపడం వేరు. గోడలో ఆరడుగుల సందు వదిలి మధ్యలో రెండు రాతి కూసాలు పాతితే మనుషులు, సైకిళ్లు పోతాయి, కార్లు పోవు. ఆ సందు కిందే నీటి పైపు కూడా పోతుంది. నెదర్లాండ్స్‌లో హౌటెన్ అనే చిన్న ఊరు మొత్తం ఈ లెక్క మీదే కట్టారు. కార్లు చుట్టూ తిరిగి రావాలి, సైకిల్ మాత్రం నేరుగా పోతుంది. మన కాలనీల్లో ఇప్పుడు సరిగ్గా తిరకాసుగా ఉంది. బండి ఉన్నవాడికి కిలోమీటరు పెద్ద లెక్క కాదు, నడిచేవాళ్లకే శిక్ష.

మరి పరిష్కారం ఏంటి? అసలు పద్ధతి ప్లాట్ల కన్నా ముందు రోడ్లు గీయడం. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీమ్ అని దశాబ్దాలుగా చేస్తున్నారు. ఒక ప్రాంతంలో రైతులందరి భూములూ కాగితం మీద కలిపేసి, ముందు రోడ్లు, పార్కులు గీసి, మిగిలింది చదరంగా ఎవరి వాటా వాళ్లకు తిరిగిస్తారు. అందరూ కొంత కొంత పోగొట్టుకుంటారు, అందరికీ దారి దొరుకుతుంది. పేరు కొత్తగా ఉందేమో గానీ 2015లో అమరావతిలో ల్యాండ్ పూలింగ్ పేరుతో విన్నది దీనికి దగ్గరి చుట్టమే. రాజధానికి చేసినంత హడావిడి అవసరం లేదు. ఊరి అంచున 200 ఎకరాలకు చేసినా చాలు. మనకు అహుడా ఉంది, అంటే అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ. ఇలాంటివి అడగాల్సింది అక్కడే.

అది అయ్యేలోపు మన చేతిలో ఉన్నవి చెబుతాను.

మన పెద్దవాళ్లు చేను కొనేటప్పుడు మొదట అడిగేది ధర కాదు, బాట ఉందా అని. చేలల్లోకి బండి రస్తాలు ఉండేవి. చాలావాటికి రెవెన్యూ రికార్డుల్లో రస్తా పోరంబోకు అని గుర్తింపు ఉంటుంది, సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో గీతలు కనిపిస్తాయి. ఎద్దుల బండ్లు పోయాక ఆ రస్తా ఎవరికీ గుర్తులేదు, వెంచర్ రాళ్లు దాని మీదే పాతేస్తారు. అది ఎవరి సొంత ఆస్తీ కాదు. రెండు కాలనీలను కలపడానికి కొత్తగా భూమి కొననక్కర్లేకుండా దొరికే దారి చాలాచోట్ల అదే. వంక పోరంబోకు కూడా అంతే, ఖాళీ స్థలం లాగా కనిపిస్తుంది, కాదు.

రెండోది, అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లు, పది శాతం ఖాళీ స్థలం వెంచర్ ఓనర్‌వి కావు. గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చేస్తారు. ప్లాన్‌లో రోడ్డు సరిహద్దు దాకా గీసి ఉండి, అక్కడ మాత్రం గోడ కట్టి ఉంటే, ఆ గోడ పబ్లిక్ రోడ్డు మీద కట్టినట్టే. హైదరాబాద్‌లో 2024 జులైలో వచ్చిన హైడ్రా గురించి మీకు చెరువుల కూల్చివేతలే గుర్తుంటాయి. కాలనీల మధ్య రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలు కూడా తీయించింది. ఆ వార్తలు అంత వైరల్ కాలేదు.

మూడోది ప్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు చేసే టెస్ట్. మీ నాన్నగారు, మామగారు ఎవరో ఒకరు ఈ ఏడాది ప్లాటు చూస్తూనే ఉంటారు, పక్కన మీరుండండి. గూగుల్ మ్యాప్‌లో ఆ ప్లాటు మీద వేలు నొక్కిపెట్టి పిన్ వేయండి. కింద దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. దగ్గర్లోని బడికి, ఆటో ఎక్కే చోటికి నేరు దూరం చూడండి. తర్వాత నడక దారి పెట్టి చూడండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. ఒకటిన్నర లోపు వస్తే మంచి చోటు. మూడు దాటితే ధర ఎంత తక్కువైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇది నా సొంత గీత, ప్రభుత్వ రూల్ కాదు. మ్యాప్‌లో సందులు లేకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే గీయొచ్చు, ఎవరైనా ఎడిట్ చేయొచ్చు, ఫ్రీ. గోడ ఉన్నచోట గోడ అని కూడా గుర్తు పెట్టొచ్చు. ఇందాక చెప్పిన ప్రపంచ లెక్క అంతా ఇలా ఎవరెవరో గీసిన సందుల మీద నడిచిందే.

ఏజెంట్‌ని అడగాల్సిన ప్రశ్నలు కూడా చెప్పేస్తాను. "మెయిన్ రోడ్డుకి ఎంత దూరం" అని అడిగితే ఐదు నిమిషాలంటాడు, ఎప్పుడూ ఐదు నిమిషాలే. దానికి బదులు ఇవి అడగండి. ఈ సందు చివర ఏముంది? ప్లాన్‌లో ఈ రోడ్డు అవతలికి పోతుందని ఉందా, ఇక్కడే ఆగిపోతుందా? మాస్టర్ ప్లాన్ రోడ్డు దీని మీదుగా పోతోందా? గేటు మూసుకుపోతే రెండో దారి ఏది? పైపులైన్ చివర కలుస్తుందా, మూతేశారా? అప్రూవ్డ్ ప్లాన్ కాపీ చేతికిమ్మనండి, ఫోటో తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చే రంగుల బ్రోచర్‌ని ప్లాన్ అనుకోవద్దు.

ఇప్పటికే ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లు మీ సందు చివరకు వెళ్లి చూడండి. అవతల ఇంకా ఖాళీ చేనే ఉందా? అయితే మీకు టైమ్ ఉంది. అక్కడ లేఅవుట్‌కి పర్మిషన్ ఇచ్చేలోపు రెండు రోడ్లూ ఒకే గీతలో పెట్టించడానికి ఖర్చు దాదాపు ఏమీ కాదు, కాగితం మీద గీత జరపడమే. మొదటి ఇల్లు లేచాక అదే పని కోర్టు కేసు అవుతుంది. మీ లేఅవుట్ ప్లాన్ కాపీ, సందు చివర ఫోటో, మ్యాప్ స్క్రీన్‌షాట్ జతచేసి రెండు అర్జీలు రాయండి. ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి అహుడాకు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, పొద్దున్నే వెళ్లండి, లైన్ పెద్దగా ఉంటుంది. రసీదు తీసుకోకుండా మాత్రం రావద్దు.